జూన్‌లో గళ్లు గీస్తే జనవరిలో బెర్త్ దొరుకుతుంది: బడి సెలవులను ముందే లెక్క వేసుకోవడం ఎలా?

మా బీరువా తలుపు లోపలి వైపు ఒక చార్టు అంటించి ఉంటుంది. పన్నెండు గళ్లు. మొదటి గడి జూన్, చివరి గడి మే. జనవరితో మొదలయ్యే క్యాలెండర్ వంటింట్లో మేకుకు వేలాడుతూనే ఉంటుంది. పాల లెక్కకూ గ్యాస్ బుక్ చేసిన తేదీకీ అది చాలు. బడికెళ్లే పిల్లలున్న ఇంటికి మాత్రం కొత్త సంవత్సరం జూన్ 12నే మొదలవుతుంది.

ఈ అలవాటు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. ఒక సంక్రాంతికి అత్తగారింటి నుంచి హైదరాబాద్ తిరిగి రావాలి. తాడేపల్లిగూడెంలో రైలు. టికెట్ మీద 17వ తేదీ, రాత్రి 12:20 అని ఉంది. 17న రాత్రి తీరిగ్గా భోంచేసి, అరిసెల డబ్బా, సున్నుండల డబ్బా కట్టుకుని స్టేషన్‌కు వెళ్తే అప్పుడు తెలిసింది, మా రైలు ముందు రోజు రాత్రే వెళ్లిపోయిందని. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందన్న సంగతి బుక్ చేసేటప్పుడు నాకు తట్టలేదు. "పోన్లే అమ్మా, ఇంకో రోజుంటారు" అన్నారు మావయ్యగారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మర్నాడు పొద్దున్నే బడి ఉంది, నాకు ఆఫీసు ఉంది. చివరికి ప్రైవేటు బస్సులో మామూలుకు మూడు రెట్లు పెట్టి వచ్చాం.

అందుకే కింద రాసినవన్నీ చేసి చూసినవే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ పనికొస్తాయి. తేదీల్లో అక్కడక్కడా తేడా ఉంటుంది, అది వచ్చినచోట చెప్తాను.

మొదటి పని: సరైన కాగితాలు దగ్గర పెట్టుకోండి

సెలవుల జాబితా అంటే ఒకటే అనుకుంటాం. నిజానికి రెండు. ఏటా చివర్లో రాష్ట్ర ప్రభుత్వం వచ్చే జనవరి నుంచి డిసెంబరు వరకు సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు ప్రకటిస్తుంది. అది ఆఫీసుల కోసం. బడి లెక్క వేరు. పాఠశాల విద్యాశాఖ విద్యా సంవత్సరం మొదలయ్యే వేళకు అకడమిక్ క్యాలెండర్ ఇస్తుంది. దసరాకు ఎన్ని రోజులు, సంక్రాంతికి ఎన్ని రోజులు, పరీక్షలు ఏ వారంలో, చివరి పనిదినం ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. మొదటిది చూసి దసరాకు రెండు రోజులే అనుకున్న తండ్రులను నేను చూశాను.

మూడో కాగితం మీ బడి డైరీ. ప్రైవేటు బళ్లు ప్రభుత్వ క్యాలెండర్‌కు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. మిషనరీ బడి అయితే దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. కేంద్రీయ విద్యాలయాలకు వాళ్ల సొంత పట్టిక ఉంటుంది. సీబీఎస్ఈ బళ్లలో చాలావరకు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలుపెట్టి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, అప్పుడు వేసవి సెలవులిస్తారు. ఇంటర్‌కు బోర్డు వేరే క్యాలెండర్ ఇస్తుంది. ఇంట్లో ఒకరు స్టేట్ సిలబస్, ఒకరు సీబీఎస్ఈ, ఒకరు ఇంటర్ అయితే మూడు రంగుల పెన్నులు కొనుక్కోక తప్పదు.

వాట్సాప్‌లో వచ్చే సెలవుల బొమ్మలను మాత్రం నమ్మకండి. నిరుటివే మళ్లీ తిరుగుతుంటాయి. తేదీ పక్కన వారం పేరు సరిపోయిందో లేదో చూస్తే సగం బండారం అక్కడే బయటపడుతుంది.

రెండో పని: కదలని తేదీలు పెన్నుతో, కదిలేవి పెన్సిల్‌తో

చార్టు గీశాక ముందు పెన్ను తీసుకోండి. జూన్ 12 బడి తెరిచే రోజు. ఆగస్టు 15, అక్టోబరు 2, డిసెంబరు 25, జనవరి 26. మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు. ఏప్రిల్ 23 చివరి పనిదినం, 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు. కొన్నేళ్లుగా రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఇదే వరస. ఎండలు మరీ మండితే బడి తెరవడం కొద్దిగా వెనక్కి జరగొచ్చు కానీ లెక్క మొదలుపెట్టడానికి ఈ తేదీలు చాలు.

సంక్రాంతి సూర్యుణ్ని పట్టుకుని వస్తుంది కాబట్టి జనవరి 14 లేదా 15 దాటదు. దాని ముందు భోగి, వెనక కనుమ. ఆంధ్రప్రదేశ్‌లో సెలవులు తొమ్మిది పది రోజుల దాకా ఉంటాయి. 2025లో జనవరి 10 నుంచి 19 వరకు ఇచ్చారు. తెలంగాణలో అంతకంటే తక్కువ. అదే దసరాకు వస్తే తెలంగాణ ముందుంటుంది, ఎందుకంటే బతుకమ్మ కూడా అందులోనే. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలయ్యే పండుగ కాబట్టి సెలవులు కూడా అక్కడి నుంచే లెక్కకొస్తాయి. 2025లో సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు ఇచ్చారు. అక్క విజయవాడలో, చెల్లి వరంగల్‌లో ఉంటే ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకోండి. అందరూ కలిసే రోజులు ఏవో అప్పుడే కనిపిస్తాయి.

ఇక పెన్సిల్ తీయండి. తిథిని బట్టి వచ్చేవన్నీ దీంతోనే. వినాయక చవితి, దసరా, దీపావళి, శివరాత్రి, హోళీ, ఉగాది, శ్రీరామనవమి. నిరుటి తేదీకి అటూ ఇటూ నాలుగు రోజులు వేసుకుంటే సరిపోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. సుమారు మూడేళ్లకోసారి అధిక మాసం పడి, ఆ ఏడు ఒక్కసారిగా పద్దెనిమిది పందొమ్మిది రోజులు వెనక్కి వెళ్తుంది. 2025లో దసరా అక్టోబరు 2. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, అందుకని దసరా అక్టోబరు 20కి వెళ్లింది. నిరుటి తేదీ చూసి టికెట్ తీసుకుంటే పండుగ రాకముందే ఊరెళ్లి, పండుగ వచ్చేసరికి తిరిగొచ్చేస్తారు.

అధిక మాసానికి ఇంకో కొస కూడా ఉంది. ఆ నెలలో పెళ్లి ముహూర్తాలు పెట్టరు. అది వేసవి సెలవుల్లో పడితే బంధువుల పెళ్లిళ్లన్నీ దాని ముందున్న రోజుల్లోకి కుక్కుకుంటాయి. అలాంటి ఏడు మే మొదట్లో ఖాళీగా ఉంటామని ఎవరికీ మాట ఇవ్వకండి.

రంజాన్, బక్రీద్, పీర్ల పండుగలకు ఈ సర్దుబాటు లేదు. ఏటా పది పదకొండు రోజులు ముందుకే వస్తుంటాయి. 2025లో రంజాన్ పండుగ మార్చి 31న, 2026లో మార్చి 21న. నెలవంక కనిపించేదాకా ఖాయం కాదు కాబట్టి పెన్సిల్‌తో కూడా రెండు గళ్లకు కలిపి గీత పెట్టుకోవాలి.

పండుగ ఆదివారం నాడు పడిందేమో కూడా చూసుకోండి. 2026 దీపావళి నవంబరు 8, ఆదివారం. పిల్లలకు ఈ విషయం ముందే చెప్పేస్తే మంచిది, ఆ ఏడుపేదో జూన్‌లోనే అయిపోతుంది.

మూడో పని: పరీక్షలు రాశాకే ప్రయాణాలు రాయండి

సెలవుల చుట్టూ పరీక్షలు పెట్టరు, పరీక్షల చుట్టూ సెలవులు ఉంటాయి. ఫార్మేటివ్‌లు మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు, వాటి కోసం ఊరు మానుకోనక్కర్లేదు. సమ్మేటివ్ 1తోనే, అంటే ఏడాదిలో మొదటి పెద్ద పరీక్షతోనే చిక్కు. కొన్నేళ్లు దసరాకు ముందే అయిపోతుంది. కొన్నేళ్లు సెలవుల తర్వాత పెడతారు. తెలంగాణలో 2023లో దసరాకు ముందు, 2025లో దసరా తర్వాత జరిగాయి. ముందైతే పిల్లలు పుస్తకం ముట్టరు, హాయిగా తిరిగి రావచ్చు. తర్వాతైతే తిరుగు ప్రయాణం సెలవులు పూర్తయ్యే రోజుకు కాకుండా రెండు మూడు రోజుల ముందుకు పెట్టుకోండి. అమ్మమ్మ ఇంట్లో సాంఘికశాస్త్రం చదువుతామని పిల్లలు ఇచ్చే మాటకు విలువ ఎంతో మీకూ తెలుసు.

పదో తరగతి ఉన్న ఇల్లయితే లెక్కే మారిపోతుంది. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 17న, తెలంగాణలో మార్చి 21న మొదలయ్యాయి. ఫిబ్రవరి నుంచే ప్రీఫైనల్స్, సాయంత్రం స్పెషల్ క్లాసులు. సంక్రాంతికి కూడా కొన్ని బళ్లు పదో తరగతిని మధ్యలో పిలుస్తాయి. సీబీఎస్ఈ పది, పన్నెండు తరగతులకు ఫిబ్రవరి మధ్యలోనే పరీక్షలు మొదలవుతాయి కాబట్టి వాళ్లకు సంక్రాంతి మూడు రోజుల పండుగే.

పదో తరగతి వాళ్లు చార్టులో ఎర్రగా రాసుకోవాల్సింది ఇంకొకటుంది. నామినల్ రోల్. దసరా, దీపావళి దాటాక, పరీక్ష ఫీజు కట్టించే రోజుల్లో బడిలో ఈ వివరాలు పంపిస్తారు. పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. ఆ వారం మీరు ఊళ్లో ఉండి, ఒకసారి బడికి వెళ్లి మీ కళ్లతో చూడండి. ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిపోవాలి. పదో తరగతి మెమోలో తప్పు పడితే ఆ తర్వాత పాస్‌పోర్టు దాకా ప్రతి చోటా అదే తప్పు వెంట వస్తుంది. దిద్దించడానికి తిరిగే ఆఫీసుల కంటే అరపూట సెలవు చవక.

నాలుగో పని: పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

టికెట్ దొరకడం అదృష్టం అనుకుంటాం గానీ అందులో లెక్కే ఎక్కువ. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం చేసే రోజు ఈ లెక్కలోకి రాదు. ఇది మనకు ఒక రకంగా మేలే, ఎందుకంటే ఇప్పుడు పెన్సిల్ గీతలు కాస్త ఖాయమయ్యాకే బుకింగ్ తెరుచుకుంటుంది.

జనవరి 10న సికింద్రాబాద్‌లో రైలెక్కాలనుకుందాం. 10వ తేదీ వదిలేస్తే జనవరిలో 9 రోజులు, డిసెంబరులో 31, మొత్తం 40. మిగిలిన 20 నవంబరు 30తో కలిపి వెనక్కి లెక్కపెడితే నవంబరు 11. ఆ పొద్దున్న 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు. తిరుగు ప్రయాణం 18న అయితే అది నవంబరు 19న. అంటే వెళ్లేదానికీ వచ్చేదానికీ వేర్వేరు పొద్దులు లేచి కూర్చోవాలి. చార్టులో నవంబరు గడిలో ఈ రెండు తేదీలనూ చుట్టేసి పక్కన "8 గం." అని రాయండి. జనవరి గడిలో రాసుకుంటే అప్పటికి చూసి లాభం లేదు.

ముందు రోజు రాత్రి చేసి పెట్టుకోవలసినవి: ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ అయిందో లేదో చూసుకోండి. బుకింగ్ తెరిచిన రోజు ఆన్‌లైన్‌లో అలాంటి ఖాతాలకే టికెట్ ఇస్తున్నారు, పండుగ రైళ్లకు మొదటి నిమిషాల్లోనే అంతా అయిపోతుంది. అందరి పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ఎక్కించి ఉంచండి. పిల్లలకు 5 నిండి 12 లోపు ఉంటే బెర్త్ వద్దంటే సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణమైతే బెర్త్ తీసుకోండి. పదకొండేళ్ల పిల్లాడి పక్కన సర్దుకుని పడుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి చూశాను, చాలు.

అర్ధరాత్రి రైళ్ల గురించి చెప్పనే చెప్పాను. రాత్రి 12 నుంచి 4 మధ్య ఎక్కే రైలైతే టికెట్ మీది తేదీకి ముందు రోజు రాత్రే స్టేషన్‌లో ఉండాలి. నా చార్టులో ఇప్పుడు అలాంటి ప్రయాణం పక్కన "16 రాత్రి భోజనం చేసి బయల్దేరడం" అని రాస్తాను. తేదీ కంటే ఆ పూట భోజనం బాగా గుర్తుంటుంది.

కారులో వెళ్లేవాళ్లకు వేరే లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు సెలవులు ఇచ్చిన సాయంత్రం, భోగి ముందు రోజు బయల్దేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే ఓపిక అయిపోతుంది. చివరి గంట కొట్టగానే బండెక్కే ఆత్రం అందరిదీ ఒకటే. మేం ఒక రాత్రి ఇంట్లోనే పడుకుని తెల్లవారుజామున 4కు బయల్దేరుతాం. తిరిగి వచ్చేటప్పుడు బడి తెరిచే ముందు రోజు సాయంత్రం రోడ్డు మీద ఉండకుండా చూసుకోండి.

సెలవుల్లో తిరుమల అనుకుంటే 60 రోజులు కూడా చాలవు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందు, నెలలో 24వ తేదీ ప్రాంతంలో విడుదల చేస్తారు. మేలో కొండకెళ్లాలంటే ఫిబ్రవరి గడిలో రాసుకోవాలి. దర్శనం దొరికాకే రైలు చూడండి, ముందు రైలు బుక్ చేసి తర్వాత దర్శనం కోసం దేవులాడకండి.

ఐదో పని: పిల్లలు ఇంట్లో, మీరు ఆఫీసులో ఉండే రోజులు లెక్కపెట్టండి

దీని గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. దసరాకు పిల్లలకు పన్నెండు రోజులు, మీకు రెండు. సంక్రాంతికి వాళ్లకు వారం, మీకు రెండో మూడో. ఈ తేడా రోజులను చార్టులో గళ్ల కింద అంకెగా రాయండి. మాకు ఏడాదికి వేసవి కాకుండానే ఇరవై దాటింది. భార్యాభర్తల సెలవులు ఒకేసారి వాడేస్తే రెండు రోజులకే అయిపోతాయి. విడివిడిగా వాడితే రెట్టింపు వస్తాయి. నాకు మొదటి సగం, ఆయనకు రెండో సగం, మధ్యలో అమ్మమ్మ. అమ్మను "వీలైతే రా" అని పిలిస్తే రాదు, తేదీలు చెప్పి టికెట్ పంపిస్తే వస్తుంది.

ఐచ్ఛిక సెలవులు ఉన్న ఉద్యోగమైతే వాటిని ఏడాది మొదట్లోనే ఎంచుకోండి. ఆదివారానికీ పండుగకూ మధ్య ఇరుక్కున్న సోమవారాలకు ఆఫీసులో అందరూ కన్నేసి ఉంటారు. ముందు మెయిల్ పెట్టినవాళ్లదే రాజ్యం.

అన్నిటికంటే గట్టిగా దెబ్బ కొట్టేవి ఒంటిపూట బడులు. సెలవు కాదు కాబట్టి ఏ జాబితాలోనూ కనిపించవు. మార్చి 15 నుంచి ఏప్రిల్ 23 దాకా బడి పొద్దున 8 ప్రాంతంలో మొదలై 12:30కి వదిలేస్తారు. ఐదు వారాలకు పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లలు ఇంటికొస్తారు, తలుపు ఎవరు తీస్తారు? బడి ఆటో వేళ మారుతుంది, కొందరు ఆటోవాళ్లు ఒక ట్రిప్పు మానేస్తారు. పైగా మీ బడి పదో తరగతి పరీక్ష కేంద్రమైతే ఆ రోజుల్లో పూట తిరగబడి, మధ్యాహ్నం తరగతులు పెడతారు. ఫిబ్రవరి గడిలోనే "ఒంటిపూటకు ఏర్పాటు" అని రాసుకుని ఆటో అతనితో, పక్కింటివాళ్లతో, దగ్గర్లోని డేకేర్‌తో మాట్లాడేయండి. మార్చి 14 సాయంత్రం ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే సమాధానం.

ఆరో పని: వానలకు కొంచెం జాగా వదలండి

జులై నుంచి అక్టోబరు దాకా భారీ వర్షాలుంటే కలెక్టర్లు జిల్లాల వారీగా సెలవు ప్రకటిస్తారు. పక్క జిల్లాలో ఇచ్చారని మనకూ ఇచ్చినట్టు కాదు. ఆ సెలవులు ఊరికే పోవు, రెండో శనివారమో ఆదివారమో బడి పెట్టి పూడుస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు ఉండాల్సిందే. వానలు బాగా పడిన ఏడు నవంబరు, డిసెంబరుల్లో రెండో శనివారాన్ని నమ్ముకుని ఏ ఫంక్షనూ పెట్టుకోవద్దు.

ఏడో పని: మిగతా ఊళ్ల పిల్లల తేదీలు అడగండి

బెంగళూరులో ఉన్న మా తమ్ముడి పిల్లలకు ఏప్రిల్ రెండో వారంలోనే వేసవి సెలవులు వచ్చేస్తాయి, మే నెలాఖరుకు బడి తెరుస్తారు. మన పిల్లలకు ఏప్రిల్ 24 నుంచి. ఇద్దరికీ కుదిరేది ఏప్రిల్ చివరి వారం నుంచి మే నాలుగో వారం వరకే. జూన్ మొదటి వారంలో కలుద్దామని మూడేళ్లు అనుకుని మూడేళ్లూ కలవలేదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లది ఇంకా కష్టం. అక్కడ చాలాచోట్ల జూన్ దగ్గర పడ్డాకే సెలవులు, వాళ్లు విమానం దిగేసరికి మనవాళ్లు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ ఉంటారు. వాళ్లు ఉన్న రోజుల్లో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేవి ఏవో చూసి ఆ రెండు రోజులనే గట్టిగా పట్టుకోండి.

ఎనిమిదో పని: వేసవికి తిరగాల్సిన పనుల జాబితా

వేసవి 49 రోజులు. చూడ్డానికి చాలా ఉన్నట్టుంటుంది. పెళ్లిళ్లు, ఊళ్లు తీసేస్తే మిగిలేది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఆఫీసుల పనులను మొదట్లోనే పెట్టేయండి, జూన్ వచ్చాక అడ్మిషన్ల రద్దీతో కౌంటర్ల దగ్గర నిలబడలేం. పిల్లలకు 5 ఏళ్లకు, మళ్లీ 15 ఏళ్లకు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించాలి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా పదేళ్లు ఉండదు, ఐదేళ్లకే గడువు తీరుతుంది, ఒకసారి తీసి చూడండి. పై తరగతులకు వెళ్లేవాళ్లకు కులం, ఆదాయ ధ్రువపత్రాలు కావాలంటే మే లోపే అర్జీ పెట్టండి. బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదని పిల్లలు ఏడాదిలో ఒక్కసారైనా అని ఉంటే కళ్ల డాక్టర్ దగ్గరకు కూడా ఈ వేళే.

డబ్బు లెక్క ఒక్క మాటలో చెప్తాను. మా బడిలో ఫీజు టర్ములు జూన్‌లో, దసరా దగ్గర, సంక్రాంతి దాటాక. అంటే సరిగ్గా ప్రయాణాలు, బట్టలు, పిండివంటల ఖర్చుల మీదే వచ్చి కూర్చుంటాయి. మీ బడి టర్ము తేదీలు కూడా అదే చార్టులో రాయండి.

యూనిఫాం గుడ్డ మే మూడో వారంలో టైలర్‌కు ఇచ్చేయండి. జూన్ 5 తర్వాత ఇస్తే ఎవరూ తీసుకోరు, తీసుకున్నా 12కి ఇవ్వరు. బూట్లు మాత్రం ఏప్రిల్ ఆఫర్లలో కొనకండి. వేసవంతా చెప్పుల్లేకుండా తిరిగిన కాలు జూన్ నాటికి ఒక సైజు పెరిగి ఉంటుంది.